సర్కారు కాగితానికి ధర్మకర్త

1943వ సంవత్సరంలో వంగదేశాన్ని కబళించిన క్షామాన్ని గురించి విచారించడానికై ఆనాటి భారత ప్రభుత్వం 1944లో ఒక సంఘాన్ని నియమించినది. సర్ జాన్ వుడ్‌హెడ్ దానికి అధ్యక్షుడు. అధికారులూ అనధికారులూ సంఘం ఎదుటికి వచ్చి తాము కన్నదీ, విన్నదీ, చేసినదీ, చేయలేకపోయినదీ చెప్పినారు. 1945లో వంగ క్షామ నివేదిక అచ్చయినది. మృతులు సుమారు 15 లక్షలని అందులో అంచనా కట్టినారు. ఆ అంచనా తక్కువదని సంఘ సభ్యులలో ఒకడైన డాక్టర్ ఎయిక్రాయిడ్ 1974లో ప్రకటించిన తన గ్రంథంలో స్వయంగా ఒప్పుకొన్నాడు. తరువాతి పరిశోధకులు పలువురు ఆ సంఖ్యను దాదాపు రెట్టింపు చేసినారు.

నివేదిక అచ్చయినది కాని, దానికి ఆధారమైన వాఙ్మూలాలు అచ్చు కాలేదు. వాటి ప్రతులను నాశనం చేయవలసినదని ఉత్తరువయినది. సంఘ సభ్యుడైన సర్ మణిలాల్ నానావతి మాత్రం తన వద్ద ఉన్న ప్రతిని నాశనం చేయలేదు. ఈనాడు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో నానావతి పత్రాలనే పేరుతో ఆ వాఙ్మూలాలు ఉన్నవి. నివేదిక చెప్పినదానిని సాక్షులు చెప్పినదానితో పోల్చి చూచే అవకాశం చరిత్రకారునికి కలిగినదంటే, ఒక మనిషి ఒక కాగితాల కట్టను తగులబెట్టకుండా ఉండడమే అందుకు కారణం.

ఇక్కడ ఒక ధర్మసందేహం పుట్టుతున్నది. ప్రభుత్వం అప్పగించిన కాగితాన్ని ప్రభుత్వం చెప్పిన తరువాత కూడా ఉంచుకోవడం విశ్వాసపాత్రుని లక్షణమా, విశ్వాసఘాతకుని లక్షణమా? ఆజ్ఞను పాలించడమే ధర్మమైతే నానావతి తప్పు చేసినాడు. కాని ఆయన చేసినది తప్పని ఈనాడు అనగలవారు అరుదు. అట్లని ప్రతి గుమాస్తా తన అంతరాత్మను అనుసరించి ఒక కాగితాన్ని దాచి, ఒక కాగితాన్ని చింపివేస్తూ పోతే రాజ్యమూ నిలువదు, చరిత్రా నిలువదు. కావున ఆ ఒక్క మనిషి సాహసాన్ని మెచ్చుకొని ఊరకుండడం చాలదు. అటువంటి సాహసం అవసరం లేకుండానే కాగితం బ్రతికే ఏర్పాటు ఏదో ఆలోచించవలసి ఉన్నది. ఆ ఏర్పాటును నిత్యకృత్యంగా నడిపేవాడు గ్రంథపాలకుడు.

సర్కారు కాగితం మీద ముగ్గురికి హక్కు ఉన్నది. దానిని వ్రాసిన ప్రభుత్వం మొదటిది. దానిని భద్రపరచిన గ్రంథాలయం రెండవది. ఎవరిని గురించి అది వ్రాయబడినదో ఆ ప్రజలు మూడవవారు. వ్రాసినవానికి కలమూ ముద్రా ఉన్నవి. ఉంచినవానికి తాళపుచెవి ఉన్నది. వ్రాయబడినవానికి ఏమీ లేదు. వాని పంట, వాని పన్ను, వాని జబ్బు, వాని చావు అందులో అంకెలుగా ఉన్నవి. ఆ అంకెలను అచ్చు వేయడానికైన ఖర్చూ వాడు కట్టిన పన్నులోనిదే. అయినా ఆ కాగితాన్ని చూడాలంటే వాడే ఒకరిని అడుక్కోవలసి వస్తున్నది. ఈ వైపరీత్యాన్ని తొలగించడమే సర్కారు కాగితాల విషయంలో గ్రంథపాలకుని అసలు పని. గుడి ఆస్తికి ధర్మకర్త ఎటువంటివాడో ఈ కాగితాలకు అతడు అటువంటివాడు. ధర్మకర్త దేవుని మాన్యాన్ని తనదనుకోరాదు, అన్యాక్రాంతం కానీయరాదు, బీడు పెట్టనూ రాదు. గుడి తలుపు వేళకు తెరవడం అతని దయ కాదు, విధి.

భారతదేశంలో ఈ తలుపు తెరుచుకోవడానికి చాలా కాలం పట్టినది. 1891లో కలకత్తాలోని సచివాలయ గ్రంథాలయాలను కొన్నిటిని కలిపి ఇంపీరియల్ లైబ్రరీని స్థాపించినప్పుడు అది ఉన్నతోద్యోగుల వినియోగానికి ఏర్పడినది. సర్కారు పుస్తకాలను సర్కారువారే చదువుకోవడం ఆనాటి పద్ధతి. లార్డ్ కర్జన్ దానిని 1836 నాటి కలకత్తా పబ్లిక్ లైబ్రరీతో కలిపించి 1903లో సామాన్య పాఠకులకు తెరిచినాడు. స్వాతంత్ర్యం వచ్చిన పిదప 1948లో అది జాతీయ గ్రంథాలయమైనది. 1953 ఫిబ్రవరి 1న, ఒకప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్లు నివసించిన బెల్వెడేర్ భవనంలో, మౌలానా ఆజాద్ దానిని ప్రజలకు తెరిచినాడు. పాలకుని నివాసం పాఠకుని నివాసమైనది. మరుసటి సంవత్సరం, అనగా 1954లో, పార్లమెంటు ఒక శాసనం చేసినది. దేశంలో అచ్చయిన ప్రతి గ్రంథాన్నీ ప్రచురణకర్త తన ఖర్చుతో కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ పంపవలెనని దాని సారం. ప్రభుత్వ ప్రచురణలకు కూడా ఆ శాసనం వర్తిస్తుందని అందులో స్పష్టంగా ఉన్నది.

అయితే ఆ వాక్యానికి ఒక తోక ఉన్నది. కేవలం కార్యాలయ వినియోగానికి ఉద్దేశించిన గ్రంథాలకు ఈ శాసనం వర్తించదట. న్యాయంగా చూస్తే ఈ మినహాయింపు అవసరమే. సైన్యపు కదలికలనూ, నేరవిచారణలో ఉన్న పత్రాలనూ అచ్చయిన మరునాడే గ్రంథాలయపు బల్ల మీద పెట్టమని ఎవరూ కోరరు. చిక్కు వేరొక చోట ఉన్నది. ఏది కార్యాలయ వినియోగానికి, ఏది లోకానికి అనే విభాగాన్ని చేసేది కార్యాలయమే. ఒక ఆనకట్ట నిర్మాణంలోని లోపాలను గురించిన నివేదిక మీద ఒక గుమాస్తా ఆ ముద్ర వేస్తే, అది శత్రువునుండి దాచబడుతున్నదా, ఆయకట్టు రైతునుండి దాచబడుతున్నదా అని అడిగేవారు ఉండరు. ముద్ర వేయడానికి ఒక క్షణం చాలును. దానిని చెరిపివేయడానికి మాత్రం ఎవరికీ తీరిక దొరకదు. రహస్యం కావలసిన కాలం గడిచిపోయిన తరువాత కూడా రహస్యమనే పేరు ఆ కాగితాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది.

ఇటువంటి చోట గ్రంథపాలకుడు ఏమి చేయవలెను? అతడు ప్రభుత్వ రహస్యాలను తస్కరించేవాడు కాడు. ఏది ప్రకటించవలెనో నిర్ణయించే అధికారమూ అతనికి లేదు. కాని అతని చేతిలో ఒక చిన్న అధికారం ఉన్నది. అది సూచిక. పలానా సంవత్సరంలో, పలానా శాఖ, పలానా విషయం మీద ఒక నివేదిక వ్రాయించినది, అది ఇక్కడ ఉన్నది, ఇంత కాలం వరకు దానిని చూపడానికి వీలు లేదు అని సూచికలో వ్రాసి ఉంచడం అతని ధర్మం. కాగితాన్ని కొంతకాలం మూయవచ్చును. కాగితం ఉన్నదన్న సంగతిని మూయరాదు. ఉన్నదని తెలిసినవాడు అడుగుతాడు. అడిగినవానికి కాదని చెప్పవలసి వచ్చినప్పుడు కాదన్నవాడు కారణం చెప్పవలసి వస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ సంస్థలు తమ దస్త్రాలన్నిటికీ సూచికలు ఏర్పరచి, క్రమంలో ఉంచవలెనని మొట్టమొదటి బాధ్యతలలో ఒకటిగా విధించడం యాదృచ్ఛికం కాదు. సూచిక లేని చోట హక్కు ఉన్నా దేనిని అడగవలెనో తెలియదు.

దాచడం వల్ల పోయిన కాగితాలకంటె నిర్లక్ష్యం వల్ల పోయినవి ఎక్కువ. సర్కారు ప్రచురణల స్వభావమే అటువంటిది. అవి కోరకుండానే కట్టలుగా వచ్చి పడుతవి. అట్టమీద ఆకర్షణ లేదు, రచయిత పేరు లేదు. జనం వుడ్‌హెడ్ నివేదిక అని అడుగుతారు. సూచికలో అది క్షామ విచారణ సంఘం పేరుతో ఉంటుంది. 1871లో ఏర్పడిన రెవిన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖ వంటివి కాలక్రమాన పలుమార్లు పేర్లు మార్చుకొన్నవి, చీలినవి, కలిసినవి. పేరు మారినప్పుడల్లా ఒక నివేదికల వరుస తెగి, మరొకటి మొదలవుతుంది. దీనిని ఎరిగి, తెగిన దారాన్ని ముడివేసి చూపేవాడు లేకపోతే పదేండ్ల నివేదికలు ఒక గదిలో, పది వేరొక గదిలో ఉండి, ఒకదానికి ఒకటి పరాయివైపోతవి. పైగా వార్షిక నివేదికలకు మరొక లక్షణం ఉన్నది. కథల పుస్తకంలో ఒక కథ పోతే మిగిలినవి చదువుకోవచ్చును. పంటల లెక్కల వరుసలో కరువు వచ్చిన ఏటి సంపుటం ఒక్కటి పోతే మిగిలిన సంపుటాలు ముఖ్యమైన ప్రశ్నకు సమాధానం చెప్పలేవు.

ఇక చోటు చాలదు. కొత్త పుస్తకాలకు బీరువాలు కావలెను. ఇరవైయేండ్లుగా ఎవరూ ముట్టని సర్కారు నివేదికలు చెదలకు ఆహారమవుతూ కనిపిస్తవి. వాటిని తూకానికి అమ్మివేయవలెనన్న ఆలోచన గ్రంథపాలకునికి రావడంలో ఆశ్చర్యం లేదు. ఇవి కలకత్తాలో ఉండనే ఉంటవి, మద్రాసులో ఉండనే ఉంటవి అని అతడు తన్ను తాను సమాధానపరచుకొంటాడు. ఇదే మాట మరొక ఊరిలోని గ్రంథపాలకుడూ అనుకొంటాడు. పాల గుంట కథ తెలియనివారు లేరు. ఊరి ప్రజలందరూ రాత్రివేళ తలకొక చెంబు పాలు తెచ్చి గుంటలో పోయవలెనని రాజు ఆజ్ఞాపించినాడు. అందరూ పాలు పోస్తున్నప్పుడు నేనొక్కడిని నీళ్లు పోస్తే ఎవరికి తెలుస్తుందని ప్రతివాడూ అనుకొన్నాడు. తెల్లవారేసరికి గుంట నిండా నీళ్లే. గ్రంథాలయాల విషయంలో ఈ కథ తలక్రిందులుగా నడుస్తుంది. అందరూ ఉంచుకొన్నారని నమ్మి ప్రతివాడూ పారవేస్తాడు. ఒకనాడు పాఠకుడు వచ్చి అడిగేసరికి ఎక్కడా ఉండదు. ఇందులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. అయినా జరిగినది నాశనమే. దురుద్దేశం లేకుండా జరిగే నాశనానికి బాధ్యులెవరన్నదే ఇక్కడి నైతిక ప్రశ్న.

దీనికి సమాధానం గ్రంథపాలకుల ఆచరణలోనే ఉన్నది. తన వద్ద ఏమేమి ఉన్నదో ఒక గ్రంథాలయం మరొకదానికి తెలియజేయడం మొదటి మెట్టు. సంయుక్త సూచికల ప్రయోజనం ఇదే. తీసివేయదలచిన నివేదికల పట్టికను ముందుగా ఇతరులకు పంపి, కావలసినవారు తీసుకొనడానికి గడువు ఇవ్వడం రెండవది. విషయాన్ని బట్టిగాని, ప్రాంతాన్ని బట్టిగాని బాధ్యతను పంచుకొనడం మూడవది. ఒకరు నీటిపారుదల నివేదికలను విడువరాదు, మరొకరు జనాభా లెక్కలను విడువరాదు అనే ఒడంబడిక కుదిరితే మిగిలినవారు నిశ్చింతగా తమ బీరువాలను ఖాళీ చేసుకోవచ్చును. ఎరువు ఇచ్చి పుచ్చుకొనడం, ఛాయాప్రతులు తీసి పంపడం నాలుగవది. ఈ నాలుగింటికీ మూలసూత్రం ఒక్కటే: తన చేతిలో ఉన్నది చివరి ప్రతి కాదని రూఢి అయ్యేవరకూ అది చివరి ప్రతియే అనుకొని ప్రవర్తించవలెను. వ్రాతప్రతుల విషయంలో శాసనం కూడా కొంతవరకు ఈ దారిని త్రొక్కినది. 1993 నాటి ప్రభుత్వ దస్త్రాల చట్టం 1892కు పూర్వపు దస్త్రాలను, అవి ఎందుకూ పనికిరాకుండా శిథిలమైతే తప్ప, నాశనం చేయరాదని నిషేధించినది. అచ్చు నివేదికలకు అంతటి రక్ష లేదు. వందల ప్రతులు అచ్చయినవి కదా అనే ధీమాయే వాటికి శత్రువు.

ప్రతులు పంచడంలో అభిమానానికి సంబంధించిన చిక్కు కూడా ఉన్నది. ఈస్ట్ ఇండియా కంపెనీ 1801లో లండనులో స్థాపించిన గ్రంథాలయం పెరిగి పెరిగి ఇండియా ఆఫీసు గ్రంథాలయమైనది. 1947 తరువాత భారతదేశమూ, పాకిస్తానమూ దానిని కోరినవి. పంపకం తెగలేదు, గ్రంథాలయం లండనులోనే ఉండిపోయి 1982లో బ్రిటిష్ లైబ్రరీలో చేరినది. తన తాతముత్తాతల భూమి శిస్తు వివరాలు చదవడానికి సముద్రం దాటవలసి రావడం ఏ దేశానికైనా బాధాకరమే. దీనికి తోడు మరొక విచిత్రం జరిగినది. అమెరికా పబ్లిక్ లా 480 క్రింద భారతదేశానికి గోధుమలు అమ్మి, వాటి ధరను రూపాయలలో పుచ్చుకొన్నది. ఆ రూపాయలలో కొంత భాగంతో 1962 నుండి ఢిల్లీలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కార్యాలయం భారతీయ గ్రంథాలనూ, ప్రభుత్వ ప్రచురణలనూ కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపినది. ఆకలి తీర్చిన గింజలకు బదులుగా ఆకలి లెక్కల పుస్తకాలు ఓడలెక్కినవి.

దీనిని దోపిడి అనవలెనా, దానం అనవలెనా? రెండు మాటలూ సరిపోవు. ఉన్న ఒక్క ప్రతిని తీసుకొనిపోవడం వేరు, ఉన్న పలు ప్రతులలో ఒకదానిని కొనుక్కొని పోవడం వేరు. మొదటిది ఒకరిని దరిద్రుని చేస్తుంది. రెండవది ఇద్దరినీ కాపాడుతుంది. ఇక్కడి బీరువాలో నివేదిక చెడిపోయిన నాడు అక్కడి ప్రతినుండి ఛాయను తెప్పించుకోవచ్చును. సిగ్గుపడవలసినది అక్కడ ఉన్నందుకు కాదు, ఇక్కడ లేకపోయినందుకు. దేశంలోపల కూడా ఇదే నీతి వర్తిస్తుంది. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల పాత దస్త్రాలు ఎన్నో మద్రాసులోని అభిలేఖాగారంలో ఉన్నవి. 1953లో ఆంధ్రరాష్ట్రం విడివడినంత మాత్రాన ఆ జిల్లాల గతం ఒక బండిలో ఎక్కించి తీసుకురాగలది కాలేదు. రాష్ట్రాలు గీత గీచి పంచుకోవచ్చును. ఒకే దస్త్రంలో తంజావూరూ మచిలీపట్నమూ కలిసి ఉన్నప్పుడు దానిని ముక్కలు చేయలేరు. అటువంటి వాటిని పంచుకొనే పద్ధతి ప్రతులు తీసుకొనడమే. ధనాన్ని పంచితే ఎవరి వాటా వారికి తగ్గుతుంది. కాగితం మీది జ్ఞానాన్ని ప్రతులుగా పంచితే ఎవరికీ తగ్గదు.

ఇంతవరకూ చెప్పినదానిని బట్టి సర్కారు కాగితాన్నంతటినీ అందరికీ విప్పి చూపడమే ధర్మమనిపించవచ్చును. కాని వ్రాయబడినవాని పక్షాన నిలిచి చూస్తే మరొక సత్యం కనిపిస్తుంది. 1871లో మొదలై, 1911లో మద్రాసు రాజధానికి కూడా వ్యాపించిన నేరస్థ తెగల చట్టం క్రింద అనేక కులాలవారిని పుట్టుకతోనే దొంగలుగా పరిగణించినారు. పేర్లు నమోదు చేసినారు, వేలిముద్రలు తీసినారు. తెలుగుదేశంలో ఎరుకలవారు ఆ బాధ అనుభవించినారు. స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఆ కాలపువే. 1952లో ఆ చట్టం రద్దయినది. రద్దు కానిది ఆ పేర్ల పట్టిక. దానిని ఈనాడు బజారున పెడితే మనుమని ముఖాన తాత మీది నింద మళ్లీ పూసినట్లవుతుంది. దానిని తగులబెడితే అన్యాయం జరిగినదనడానికి సాక్ష్యమే ఉండదు.

అటువంటి కాగితాలను ఉంచవలెను. సూచికలో చూపవలెను. వ్యక్తుల పేర్లున్న భాగాన్ని వారి సంతానానికి హాని కలుగుతుందన్నంత కాలం కొత్తవారికి ఇవ్వకుండా ఉండవచ్చును. కాని ఆ తెగవారే వచ్చి తమ పెద్దలను గురించి ఏమి వ్రాసినారో చూపమంటే తలుపు మూయడానికి ఎవరికీ అధికారం లేదు. పరిశోధకునికంటె ముందు చదివే హక్కు వారిది. ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాలు ఏడింటిని 1909లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం ప్రకటించినది. దక్షిణాది కులాలను, తెగలను గురించిన ఆ వ్రాతలలో నొప్పించే మాటలు లేకపోలేదు. ఆ పుటలను చింపివేసిన గ్రంథపాలకుడు అవమానాన్ని తుడిచినవాడు కాడు, అవమానించినవారి చేవ్రాలును తుడిచినవాడవుతాడు. ఆంగ్ల ప్రభుత్వం తాను నిషేధించిన గ్రంథాలను జప్తు చేసి, వాటి ప్రతులను తన దస్త్రాలలోనే ఉంచుకొన్నది. ఆ కారణాన వాటిలో పెక్కు ఈనాడు ఢిల్లీలోనూ, లండనులోనూ చదువరికి దొరుకుతున్నవి. నిందించినవాని పుస్తకాన్నీ, నిషేధింపబడినవాని పుస్తకాన్నీ ఒకే శ్రద్ధతో ఉంచగలిగినవాడే ధర్మకర్త.

కాలం మారినది. 2015 అక్టోబరు నుండి భారత రాజపత్రాన్ని కాగితం మీద అచ్చు వేయడం మాని, అంతర్జాలంలో మాత్రమే ప్రకటిస్తున్నారు. చోటు సమస్య తీరినది. పల్లెలోని చదువరికి కూడా అది క్షణంలో అందుతుంది. ఇది చిన్న మేలు కాదు. కాని ఒక ప్రమాదం మారు వేషంలో తిరిగి వచ్చినది. అచ్చయిన రాజపత్రం నూరు ఊళ్లలో నూరు ప్రతులుగా ఉండేది. వాటినన్నిటినీ ఒక్కసారిగా మార్చడం ఎవరి తరమూ కాదు. ఒకే చోట ఉన్నదానిని పదివేలమంది చూస్తున్నా అది ఒక్క ప్రతియే. ఆ ఒక్క చోటు మూతపడినా, ఒక పుట మారినా, మునుపటి రూపం ఇదీ అని చూపేవాడు ఉండడు. చూడగలగడం వేరు, కలిగి ఉండడం వేరు. అందుచేత ఈ కాలపు గ్రంథపాలకుడు కూడా తన ముందువారి వలె ప్రతులు తీసి, తేదీ వేసి, పలుచోట్ల భద్రపరచి, ఎవరి వద్ద ఏమున్నదో పరస్పరం తెలియజేసుకొనవలసినదే. పరికరం మారినది కాని ధర్మం మారలేదు.

1931లో రంగనాథన్ ప్రతి పాఠకునికీ అతని గ్రంథం, ప్రతి గ్రంథానికీ దాని పాఠకుడు అని సూత్రీకరించినాడు. సర్కారు నివేదికకు పాఠకుడు ఎవడు? సచివాలయంలో దానిని చదివి సంతకం చేసినవాడు తొలి పాఠకుడు మాత్రమే. అసలు పాఠకుడు చాలాసార్లు అప్పటికి పుట్టి ఉండడు. 1945లో వాఙ్మూలాల కట్టను ఉంచుకొన్న మనిషికి అది ఎవరి చేతికి ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఎవడో ఒకడు ఒకనాడు అడుగుతాడన్న నమ్మకం మాత్రమే ఉండి ఉంటుంది. ఆ నమ్మకం ఒక్క మనిషిలో ఉన్నప్పుడు అది సాహసమైనది. పది గ్రంథాలయాలు కలిసి దానిని దినచర్యగా చేసుకొంటే సాహసం అక్కరలేదు. ఉత్తరువు ఇచ్చి నాశనం చేయించడానికి ఏ ప్రభుత్వానికీ వీలు చిక్కదు, నిర్లక్ష్యానికీ వీలు చిక్కదు. ఒకే ఒక ప్రతి ఉన్నంత కాలం అది ఉంచినవాని దయ మీద బ్రతుకుతుంది. పది ఊళ్లలో పది ప్రతులు ఉన్ననాడు అది చదివేవాని హక్కవుతుంది.